బిల్లు పెరగాల

నెల ఏడో తారీఖు.
మీటరు చూసే పిల్లోడి చేతిమిషన్లోంచి
చీటీ కర్రుమని చినిగితే
మా కొర్లగుంట కాంపౌండులో
ఐదు తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి.

మెట్ల మీద కూర్చుంటాం, చీటీలు ఒళ్ళో పెట్టుకుని.
"నీకెంత?"
"ముందు నీకెంతో చెప్పు."
జీతమెంతో ఎవరూ చెప్పరు గానీ
కరెంటు బిల్లు మాత్రం
బొటనవేలితో సగం మూసి చూపిస్తారు.

ధనుర్మాసం. పైకి పోయేవాళ్ళనే
సంచులిప్పించి తనిఖీ చేస్తారు అలిపిరిలో.
కొండ దిగొచ్చే చలిని ఆపేవాడు లేడు.

నాదమునన్నకి పదకొండు వందల నలభై.
తెల్లారక ముందు పోయే కొండబస్సు ఆయనది.
రెండున్నరకే గీజరు ఎర్రకన్ను తెరవాల.
"స్టీరింగు పట్టే వేళ్ళు మొద్దుబారితే ఎట్ల?
నలభై మంది ప్రాణాలు" అంటాడు.
"ఆ నలభై మందినీ తలా ఇరవై అడుగు"
అంటుంది చెల్లక్క, బియ్యం చెరుగుతా.

షంషాద్‌కి తొమ్మిది వందల పది.
అందులో ఆరు వందలు గ్రైండరు తిన్నదే,
దోసెపిండి ప్యాకెట్లు అమ్ముతుంది.
బకెట్లో కాయిల్ హీటరు పెట్టి
పిల్లోళ్ళు చెయ్యి పెడతారేమోనని
గడపలో కాపలా కూర్చుంటుంది.
"ఈ కాపలా ఏ స్లాబులోకి వస్తాది?" అనింది.
నవ్వినాం.

నాకు ఏడు వందల ముప్పై.
పోయినేడు కుట్టుమిషనుకి మోటారు పెట్టించినాను.
మోకాళ్ళు మిగిలినాయి, డబ్బులు మిగల్లేదు.
దాంట్లో నూట పన్నెండు సర్దుబాటు ఛార్జీ అంట,
ఎప్పుడో కాల్చిన కరెంటుకి ఇప్పుడు లెక్క.
నా పాత సంసారానికి కూడా
ఇట్లనే వస్తా ఉంటాయి బిల్లులు.
పైకి అనలేదు.

రెడ్డెమ్మవ్వకి మూడు వందల ఐదు. ఆమెదే గెలుపు.
రాగి అండా, మూడు రాళ్ళు,
మెస్సులో గిన్నెలు తోమి
సంచిలో మోసుకొచ్చే టెంకాయ చిప్పలు.
"నా నీళ్ళు ఊరికే ఉడుకుతాయి మే" అని
ఇంకేదో చెప్పబోయి, దగ్గు అడ్డమొచ్చి ఆగింది.
ఆ దగ్గుకి ఎన్ని యూనిట్లో
ఎవరమూ వేసుకోలేదు.

అప్పుడు పైగది పిల్ల సువార్త
చీటీ మడత విప్పింది.
ఇరవై ఎనిమిది యూనిట్లు. తొంభై ఆరు రూపాయలు.

నాదమునన్న లోపలికి పోయి అద్దాలు తెచ్చుకున్నాడు.
"మీటరు తిరగతా ఉందా అసలు?"
"ఏం చిట్కా పాపా, మాకూ చెప్పు."

"చిట్కా ఏముందక్కా.
రాత్రి పెద్దాసుపత్రిలో డ్యూటీ,
పగలు ఇంకో నర్సింగ్‌హోములో.
ఫోను చార్జింగు ఆడనే, స్నానం ఆడనే.
కోర్సు కట్టిన అప్పు తీరేదాకా ఇంతే.
మధ్యలో ఇంటికొచ్చి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటా."

అయితే ఇరవై ఎనిమిదీ ఇస్త్రీపెట్టెవే.
మేం పొదుపు అనుకుని కుళ్ళుకున్నది
ఇంట్లో మనిషి లేకపోవడం.

చీటీలు మడిచి లేచినాం.
నాదమునన్న తన చీటీ
అరుగు మీదే మర్చిపోయినాడు.

పై ఆదివారం ఎట్లనో సెలవు దొరికి
ఆ పిల్ల నిద్రపోతా ఉంటే
రెడ్డెమ్మవ్వ ఉడుకునీళ్ళ బకెట్టు ఎత్తింది.
పట్టుకుంటానంటే ఇయ్యలేదు.
మెట్టుమెట్టుకీ ఆగి, మూలిగి, మళ్ళీ ఎత్తి.
వెనకాల నేను, చెంబూ సీకాయపొడీ పట్టుకుని.

తలుపు తీసింది సువార్త, చెంప మీద చాప అచ్చుతో.
అవ్వ లోపలికి తొంగి చూసింది.
మాడిపోయిన బల్బు, మార్చలేదు.
మూలన ఇస్త్రీపెట్టె ఒక్కటే
సంసారం మాదిరి కూర్చుని ఉంది.

తల మీద చెయ్యి పెట్టి అనింది కదా,
"వచ్చే నెల నీ బిల్లు పెరగాల తల్లీ.
మా అందరికన్నా జాస్తి రావాల."

ఆ పిల్లకి అర్థం కాలా.
నా మొహం చూసింది.
"నీళ్ళు చల్లారిపోతాయి, పో" అని
కసిరింది అవ్వ.